ఏడాదిలో మూడోసారి దురద, తెల్లబట్ట: మళ్ళీ కిట్టు కొనే ముందు

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను, ఇదే బాధతో చదువుతున్న మిగతావారికి కూడా ఉపయోగపడుతుంది. మీకు 41 ఏళ్లు, ఒడిశాలోని గుణుపురంలో ఉంటున్నారు. ఏడాదిలో ఇది మూడోసారి: యోని దగ్గర నిద్ర పట్టనంత దురద, మూత్రం తగిలితే మంట, గడ్డలు గడ్డలుగా తెల్లబట్ట, దుర్వాసన మాత్రం లేదు. మెడికల్ షాపులో ఒక కిట్టు, పైపూతకు ఒక ట్యూబు ఇచ్చారు. వారం పది రోజులు హాయిగా ఉండి మళ్ళీ మొదలైంది. అత్తగారు ఒంట్లో వేడి అంటున్నారు. ఇది మీవారి నుంచి అంటిందా, ఆయనకూ మందు వేయాలా, ముదిరితే గర్భసంచి తీయించుకోవాలా అని మీ భయాలు. ఆఖరున, సంబంధం లేని సంగతిలా ఒక్క వాక్యం రాశారు: దీపావళి తర్వాత విశాఖపట్నంలో షుగరు మాత్ర మార్చారని.

నేను ఆ ఆఖరి వాక్యంతోనే మొదలుపెడతాను. అసలు సంగతి అక్కడే ఉందని నా అనుమానం.

ఆ కొత్త మాత్ర అట్ట వెనక పేరు చదవండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి పేరు, అంటే చివర ‘గ్లిఫ్లోజిన్’ అని ఉంటే మీ బాధకు సగం జవాబు దొరికినట్టే. ఈ మందులు రక్తంలో ఎక్కువైన చక్కెరను మూత్రపిండాల ద్వారా బయటికి తోసేస్తాయి. షుగరు దిగేది ఆ దారినే. కానీ ఆ చక్కెరంతా మూత్రంలో పోతుంది కాబట్టి, మూత్రానికి వెళ్ళిన ప్రతిసారీ ఆ చోటు కొద్దో గొప్పో తీపి నీటితో తడుస్తుంది. మీ దురదకు కారణమని నాకు అనిపిస్తున్న ఈస్ట్ అనే ఫంగస్‌కు అంతకన్నా ఏం కావాలి? ఈ మందుల దుష్ప్రభావాల్లో జననాంగాల దగ్గర వచ్చే ఈస్ట్ ఇన్ఫెక్షన్‌ది ముందు వరుస. డాపాగ్లిఫ్లోజిన్‌కు మన దేశంలో 2020లో పేటెంటు ముగిసింది. ధర పడిపోయింది, చిన్న పట్టణాల్లోనూ విరివిగా రాస్తున్నారు. రాసేటప్పుడు ‘అక్కడ దురద రావచ్చమ్మా, వస్తే చెప్పు’ అనే మాట మాత్రం చాలా గదుల్లో వినబడదు. డాక్టరు మగవాడు, రోగి ఆడమనిషి, పక్కన భర్త నిలబడి ఉంటాడు. ఆ మాట ఎవరి నోటికీ రాదు.

అలాగని మాత్రను మీ అంతట మీరు ఆపేయకండి. అది గుండెకు, మూత్రపిండాలకు కూడా మేలు చేసే మందు. మీకు ఎందుకు రాశారో రాసినవారికే తెలుసు. వారికి ఫోను చేసి ‘ఈ మాత్ర మొదలుపెట్టాక ఈస్ట్ ఇన్ఫెక్షన్ మళ్ళీ మళ్ళీ వస్తోంది’ అని అదే మాట చెప్పండి. కొందరికి మందు కొనసాగిస్తూనే ఇన్ఫెక్షన్‌ను అదుపు చేయవచ్చు, కొందరికి మార్చక తప్పదు. ఈలోగా మూత్రానికి వెళ్ళిన ప్రతిసారీ మామూలు నీళ్లతో కడుక్కుని మెత్తని పొడిబట్టతో అద్దుకోండి. ఒక్క హెచ్చరిక: ఈ మందు వాడుతున్నవారికి జననాంగాల నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా తీవ్రమైన నొప్పి, వాపు, ఎరుపు, దానితో జ్వరం వస్తే అది ఈస్ట్ కాదు. అరుదే, కానీ ప్రాణం మీదికి వచ్చే ఇన్ఫెక్షన్ కావచ్చు. తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

మాత్ర ఆ జాతిది కాకపోయినా షుగరు సంగతి వదలడానికి లేదు. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే ఏ మందు వాడినా ఈస్ట్ తిరిగి వస్తుంది. తమకు షుగరు ఉందని ఈ దురద వల్లనే మొదటిసారి తెలిసినవారిని నేను చాలామందిని చూశాను. నలభై దాటిన మనిషి రెండోసారి ఇదే బాధతో వస్తే నేను మందు రాసే ముందే షుగరు పరీక్ష రాస్తాను.

ఇక ఈస్ట్ అంటే ఏమిటో. కాండిడా అనే ఫంగస్ ఇది. పది నుంచి ఇరవై శాతం ఆడవాళ్ళలో ఏ బాధా పెట్టకుండా యోనిలో ఊరికే పడి ఉంటుంది. కాబట్టి ‘ఎక్కడి నుంచి అంటింది’ అన్న ప్రశ్నకు చాలాసార్లు ‘ఎక్కడినుంచీ కాదు’ అనేదే జవాబు. ఉన్నదే పెరిగింది. యోనిలో లాక్టోబాసిల్లస్ అనే మంచి బాక్టీరియా ఆమ్లాన్ని తయారుచేస్తూ మిగతావాటిని అదుపులో ఉంచుతుంది. జలుబుకో, పంటికో, జ్వరానికో యాంటీబయాటిక్ మింగితే ఆ మంచి బాక్టీరియా కూడా చస్తుంది. ఈస్ట్ మాత్రం ఫంగస్ కాబట్టి చెక్కుచెదరదు, దానికి చోటు దొరుకుతుంది. గర్భంతో ఉన్నప్పుడు, అంటే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఎక్కువగా ఉన్నప్పుడు పెరుగుతుంది. స్టెరాయిడ్లు వాడేవారిలో, హెచ్‌ఐవీ వల్లనో మరో కారణంగానో రోగనిరోధక శక్తి తగ్గినవారిలో పెరుగుతుంది. ఆడవాళ్ళలో నూటికి డెబ్భై అయిదు మందికి జీవితంలో ఒక్కసారైనా వస్తుందని వైద్య గ్రంథాల లెక్క. సిగ్గుపడవలసిన జబ్బు కాదు, ఎవరి నడతకూ కొలబద్ద కాదు. పెళ్లికాని అమ్మాయిలకూ వస్తుంది. హాస్టల్లో ఉండి చదువుకునే కూతురు ఫోనులో ఈ మాట చెబితే, ముందు యాంటీబయాటిక్ ఏమైనా వాడిందా అని అడగండి. తల్లి గొంతులో అనుమానం వినబడిందంటే ఆ పిల్ల మరోసారి నోరు విప్పదు.

మీరు రాసిన లక్షణాలు ఈస్ట్‌కు సరిపోతున్నాయి. ఒడిశాలో ఉన్నారు కాబట్టి మీకు తెలిసిన పోలికే చెబుతాను: పాలు విరగ్గొట్టి తీసిన ఛెనా తునకల్లా ఉండే తెలుపు, వాసన లేకపోవడం, దురద, పైచర్మం ఎర్రబడి అక్కడక్కడ సన్నగా చిట్లడం, కలయికలో మంట. కానీ సరిపోయినంత మాత్రాన అదే అయి తీరాలని లేదు. అమెరికాలో ఈస్ట్ మందు సొంతంగా కొనుక్కున్న ఆడవాళ్ళను పరీక్షించి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, నిజంగా ఈస్ట్ మాత్రమే ఉన్నవారు దాదాపు మూడోవంతే. మిగతావారికి వేరే జబ్బులు, కొందరికి అసలు ఏ జబ్బూ లేదు. డబ్బా మీద రాసింది చదివి కొన్నవాళ్ళు కూడా అందులో ఉన్నారు. మన షాపుల్లో మగపిల్లవాడి చేతికి చీటీ ఇచ్చి తెప్పించుకునే మందు సంగతి చెప్పనక్కర్లేదు.

పోల్చుకోవలసినవి ముఖ్యంగా రెండు. పల్చగా, బూడిదరంగులో, కలయిక తర్వాత మరీ ఎక్కువయ్యే చేపల వాసనతో వస్తే బాక్టీరియల్ వెజైనోసిస్. దీనిలో దురద అంతగా ఉండదు. పసుపు, ఆకుపచ్చ రంగుల్లో నురుగుగా, వాసనతో, మంటతో వస్తే ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవి. ఇది కలయిక వల్ల అంటుకునేదే. భర్తకు కూడా తప్పకుండా మందు వేయాలి, లేకపోతే ఆమెకు మళ్ళీ వస్తుంది. ఈ రెండింటికీ మెట్రోనిడజోల్ జాతి మందులు పనిచేస్తాయి, ఈస్ట్ మందులు పనిచేయవు. ఇవి కాక సబ్బు పడక వచ్చే దురద, చర్మవ్యాధులు వేరే ఉన్నాయి. నెలసరి మధ్యలో వచ్చే తీగలు సాగే తేట స్రావం జబ్బే కాదు. అది చూసి బలహీనత అనుకుని టానిక్కులు తాగేవారున్నారు. పాపం, డబ్బు దండగ.

తేల్చుకోవడానికి పెద్ద యంత్రాలేమీ అవసరం లేదు. డాక్టరు యోనిని కాస్త తెరిచి పట్టే స్పెక్యులం అనే పరికరం పెట్టి చూస్తూ దూదిపుల్లతో కాస్త స్రావం తీస్తారు. దాన్ని ముందు ఆమ్లం ఎంత ఉందో చెప్పే పీహెచ్ కాగితానికి తాకిస్తారు. 4.5 లోపు ఉంటే ఈస్ట్ వైపు, అంతకు మించితే మిగతా రెండింటి వైపు మొగ్గు. తర్వాత స్లైడు అనే గాజుపలక మీద ఒకచోట సెలైన్ చుక్క, మరోచోట పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి స్రావాన్ని కలుపుతారు. ఆ రెండో చుక్కలో చర్మకణాలు కరిగిపోయి ఈస్ట్ మాత్రం మిగులుతుంది. మైక్రోస్కోపులో గుండ్రటి చిన్న కణాలు, వాటి పక్కనుంచి మొలకెత్తుతున్న మరింత చిన్నవి, కణుపులు కణుపులుగా సాగిన పోగులు కనబడతాయి. సెలైన్ చుక్కలో తోక ఊపుకుంటూ ఈదేది కనబడితే అది ట్రైకోమోనాస్. అయిదు నిమిషాల పని. ఓపీలో వంద మంది బయట నిలబడి ఉంటే ఆ అయిదు నిమిషాలు ఎగిరిపోతాయి, అది మా వృత్తిలోని లోటే. అయినా మూడోసారి వచ్చినప్పుడు మీరు అడగండి: ‘స్లైడు చూస్తారా?’ అని. స్లైడులో ఏమీ కనబడకపోయినా ఈస్ట్ లేదని చెప్పలేం. ఉన్నవారిలో సగం మందికి స్లైడులో దొరకదు. అప్పుడు కల్చర్, అంటే స్రావంలోని ఫంగస్‌ను ల్యాబులో పెంచి చూసే పరీక్ష, చేయించాలి. ఏ జాతి కాండిడా అనేది కూడా అందులోనే తేలుతుంది.

ఇప్పుడు ఆ కిట్టు. పెట్టె మీద చిన్న అక్షరాలు చదవండి. సాధారణంగా ఇలాంటి కిట్టులో ఫ్లుకోనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, సెక్నిడజోల్ మాత్రలు రెండు, అజిత్రోమైసిన్ ఒక గ్రాము ఉంటాయి. మీకు పనిచేసింది ఆ మొదటి మాత్ర ఒక్కటే. చివరిది యాంటీబయాటిక్! ఈస్ట్‌కు దారి తెరిచేదాన్ని, ఈస్ట్‌ను చంపేదాన్ని ఒకే అట్టలో పెట్టి అమ్ముతున్నారన్నమాట. ఏ జబ్బో తెలియనప్పుడు అన్నిటికీ ఒకేసారి గురి పెట్టడం షాపువాడికి సులువు, రోగికి మాత్రం కాదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ పంపే ఆకుపచ్చ కిట్టు కూడా ఉంది. అందులో సెక్నిడజోల్, ఫ్లుకోనజోల్ మాత్రమే ఉంటాయి. పరీక్షకు వీలులేని చోట లక్షణాలను బట్టి వైద్యం చేయడానికి తయారుచేసింది అది, దానికో లెక్క ఉంది. మొదటిసారికి తప్పు పట్టను. మూడోసారి కూడా అదే కిట్టు ఇస్తే మాత్రం ఒప్పుకోవద్దు.

ట్యూబు విషయంలో నా కోపం ఇంకా ఎక్కువ. దాని మీద క్లోబెటసోల్ అనో, బీటామెథసోన్ అనో ఉంటుంది, చూడండి. అది స్టెరాయిడ్. దానితోపాటు ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు కలిపి ఉంటాయి. పూసుకున్న గంటకే దురద పోతుంది, అందుకే అందరికీ ఇష్టం. దురద పోతుంది గాని ఫంగస్ పోదు. స్టెరాయిడ్ అక్కడి చర్మం పోరాడే శక్తిని తగ్గించి, చర్మాన్ని పల్చబరుస్తుంది. ఆపిన నాలుగు రోజులకు మంట రెట్టింపవుతుంది, మళ్ళీ అదే ట్యూబు కోసం వెళతారు. నెలల తరబడి రాసుకున్న మనిషిని పరీక్షించాలంటే తాకడానికే భయం వేస్తుంది, చర్మం అంత ఎర్రగా, కాగితం మందాన ఉంటుంది. పూసుకునే స్టెరాయిడ్ మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. మీకు చీటీ అడిగారా? అడిగి ఉండరు. అది వెంటనే మానేయండి. ఎక్కువకాలం వాడి ఉంటే మాత్రం డాక్టరుకు చూపించి మానండి.

సరైన వైద్యం నిజానికి చాలా మామూలుది, చవకది. అప్పుడప్పుడు వచ్చే సాదా ఇన్ఫెక్షన్‌కు రెండు దారులు. ఒకటి, లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ మాత్ర: 100 మిల్లీగ్రాములదైతే ఆరేడు రాత్రులు, 200 దైతే మూడు రాత్రులు, 500 దైతే ఒక్క రాత్రి. పడుకునే ముందు వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, వీలైనంత లోపలికి పెట్టుకోవాలి. నిలబడి పెట్టుకుంటే జారిపోతుంది, మర్నాడు తెల్లని పిండిలా కారుతుంది, అది చూసి జబ్బు పెరిగిందని కంగారు పడతారు. నెలసరి రోజుల్లో మొదలుపెట్టవద్దు. రెండోది, నోటి ద్వారా ఫ్లుకోనజోల్ 150 మిల్లీగ్రాములు ఒక్కసారి. రెండింటి ఫలితం ఇంచుమించు సమానమే, మందు పూర్తిగా వాడినవారిలో నూటికి ఎనభై తొంభై మందికి తగ్గుతుంది. పైన దురదకు ఒక శాతం క్లోట్రిమజోల్ క్రీము, స్టెరాయిడ్ కలపనిది, పూసుకోవచ్చు. ఏ మందైనా రెండు మూడు రోజులకు గాని సుఖం కనబడదు. తెల్లారేసరికి తగ్గలేదని మరో మందు మింగవద్దు.

మీకు మాత్రం ఈ పొట్టి వైద్యం చాలదు. షుగరు ఉన్నవారికి, ముఖ్యంగా అదుపులో లేనివారికి, లోపలి మందు ఏడు నుంచి పధ్నాలుగు రోజులు వాడవలసి వస్తుంది. పైగా ఏడాదిలో మూడుసార్లు వచ్చింది కాబట్టి ఇది ‘తిరగబెట్టే’ రకం కింద లెక్క. దాని పద్ధతి వేరు. స్లైడులోనో కల్చర్‌లోనో కాండిడా ఆల్బికాన్స్ అనే మామూలు జాతి అని తేలితే, ఫ్లుకోనజోల్ 150 మిల్లీగ్రాములు ఒకటో రోజు, నాలుగో రోజు, ఏడో రోజు వేసి ముందు పూర్తిగా అణిచివేస్తారు. ఆ తర్వాత వారానికి ఒక మాత్ర చొప్పున ఆరు నెలలు. ఆరు నెలలా అని బెదిరిపోకండి. బాధ లేని రోజుల్లో కూడా వేసుకోవడమే ఇందులో కీలకం. రెండో నెలలో అంతా బాగుందని ఆపేసినవారు మూడో నెలలో మళ్ళీ వస్తారు. పూర్తిగా వాడినా కొందరికి ఆపాక తిరగబెడుతుంది. కారణం సరిదిద్దకపోతే, అంటే మీ విషయంలో షుగరు, అది ఖాయం.

ఒక మెలిక ఉంది, మీకు చాలా ముఖ్యం. మీ షుగరు మందుల్లో గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి ఉంటే, ఫ్లుకోనజోల్ వాటిని ఒంట్లోంచి తొందరగా పోనివ్వదు. షుగరు ఒక్కసారిగా పడిపోయి చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం రావచ్చు. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వాడేవారికి రక్తస్రావం ప్రమాదం. కాలేయ జబ్బు ఉన్నవారు కూడా చెప్పి తీరాలి. అందుకే వారానికో మాత్ర పద్ధతి ఇక్కడ చదివి సొంతంగా మొదలుపెట్టవద్దు. మీరు వాడే మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు బల్లమీద పెట్టండి.

కొద్దిమందిలో ఆల్బికాన్స్ కాకుండా గ్లాబ్రాటా లాంటి మొండి జాతులు ఉంటాయి. షుగరు ఉన్నవారిలో ఇవి కాస్త ఎక్కువ. వాటికి ఫ్లుకోనజోల్ అంతగా పనిచేయదు. బోరిక్ ఆమ్లం 600 మిల్లీగ్రాముల క్యాప్సూల్ రోజుకొకటి లోపల పెట్టుకునే వైద్యం ఉంది, రెండు మూడు వారాలు. కానీ అది నోట్లోకి పోతే విషం, గర్భిణులకు అసలు పనికిరాదు. క్యారం బల్ల మీద చల్లే పొడి కొని సొంతంగా క్యాప్సూళ్ళు నింపుకునే సాహసాలు వద్దు. డాక్టరు రాస్తేనే వాడాలి, పిల్లలకు అందని చోట పెట్టాలి.

మీవారి సంగతి. ఈస్ట్‌ను కలయిక వల్ల అంటే జబ్బుల్లో చేర్చరు. భర్తకు మందు వేసినందువల్ల భార్యకు తిరగబెట్టడం తగ్గదని చూశారు కూడా. ఆయనకు అంగం చివర ఎరుపు, దురద ఉంటే ఆయనకూ పూతమందు కావాలి. ఆయన షుగరు కూడా చూపించండి. ఏమీ లేకపోతే వదిలేయండి. ఈ జబ్బును చూపి ఆయన మీద అనుమానం పెంచుకోవద్దు. మంట ఉన్నన్నాళ్ళు కలయిక మానితే మీకే సుఖం. నూనె ఆధారంగా తయారైన క్రీములు, లోపలి మందులు కండోమును బలహీనపరుస్తాయి, అది మాత్రం గుర్తుంచుకోండి.

అత్తగారు వేడి అన్నారని కొట్టిపారేయను. ఎండాకాలంలో, వానాకాలపు ఉక్కలో ఈ బాధ ఎక్కువవుతుందని పెద్దవాళ్ళు గమనించారు, దానికి వాళ్ళు పెట్టిన పేరు అది. చెమట, తడి నిలిచిన చోట చర్మం ఒరుసుకుని మంట పెరుగుతుంది. మారేడు షర్బతు, సబ్జా నీళ్లు, చద్దన్నం ఇస్తే వద్దనకుండా పుచ్చుకోండి. షర్బతులో బెల్లం, చక్కెర మాత్రం మీకు పనికిరావు. అవి దాహానికి మంచివి, ఈస్ట్‌కు మందు కావు. పెరుగు తినండి, లోపల పెట్టుకోవద్దు. పెరుగులోని బాక్టీరియా వేరు, యోనిలో కాపురం ఉండేది వేరు. వెల్లుల్లి రెబ్బ పెట్టుకుని కాలి బొబ్బలెక్కి వచ్చినవాళ్ళను చూశాను. వేపనీళ్లు, పటికనీళ్లు, యాంటీసెప్టిక్ ద్రావణం లోపలికి పోసి కడగడం అన్నిటికన్నా చెడ్డది, ఉన్న మంచి బాక్టీరియాను కూడా కడిగేస్తుంది. అందమైన సీసాల్లో అమ్మే ప్రత్యేక ద్రావణాలూ అవసరం లేదు. యోని తనను తానే శుభ్రం చేసుకుంటుంది. బయట మామూలు నీళ్లు చాలు, దురద ఉన్నన్నాళ్ళు అక్కడ సబ్బు కూడా వద్దు.

బట్టల గురించి ఒక్కటి చెబుతాను. మా ఇళ్ళలో, అంటే రాయగడ, పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా నేను చూసిన తెలుగిళ్ళలో, ఆడవాళ్ళ లోదుస్తులు ఎండలో కనబడవు. పెరట్లో తీగ మీద చీర పరుచుకుని ఉంటుంది, దాని కింద లంగా, లంగా కింద ఎక్కడో ముద్దగా అవి. పైన చీర కరకరలాడుతూ ఎండుతుంది, అడుగున ఇవి సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉంటాయి. వానాకాలంలో అయితే స్నానాలగది తలుపు వెనక మేకుకు వేలాడుతూ రెండు రోజులు. ఆ చెమ్మబట్టే పొద్దున్న మళ్ళీ ఒంటి మీదికి వస్తుంది. లోదుస్తులే ఈస్ట్‌కు మూలమని చెప్పేంత గట్టి ఆధారాలు లేవు గాని, చెమ్మ చర్మాన్ని పాడుచేస్తుందనడంలో సందేహం లేదు. నూలువి వాడండి, వాటిని ఎండలో ఆరేయండి, ఎవరేమనుకున్నా. ఎండ లేని రోజుల్లో ఇస్త్రీ చేయండి. రాత్రి లోదుస్తులు లేకుండా వదులైన నైటీతో పడుకోండి. నెలసరిలో బట్ట వాడేవారికీ ఇదే మాట.

ఇక్కడ చెప్పిన మందులు అందరికీ వర్తించవు. గర్భిణులు ఫ్లుకోనజోల్ మింగకూడదు, గర్భస్రావం ప్రమాదంతో దానికి సంబంధం కనబడింది. వారికి లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ ఏడు రోజులు, అదీ డాక్టరు చెప్పాకే. చిన్నపిల్లకు అక్కడ దురద అంటే ఈస్ట్ అరుదు. నులిపురుగులు, సబ్బు, శుభ్రత చూడాలి. ఎవరైనా పిల్లతో తప్పుగా ప్రవర్తించారేమో అన్నదీ మరిచిపోకూడదు. నెలసరి ఆగిపోయిన పెద్దావిడకు దురద అంటే ఎక్కువసార్లు చర్మం పొడిబారడం, లేదా తెల్లమచ్చలతో వచ్చే చర్మవ్యాధి, లేదా షుగరు. ఈస్ట్ మందు వాడుతూ కాలం గడపకుండా చూపించాలి.

గర్భసంచి మాట విని నాకు ఆశ్చర్యం కలగలేదు, బాధ కలిగింది. ఈస్ట్ ఉండేది యోనిలో, గర్భసంచిలో కాదు. గర్భసంచి తీసేసినా యోని అక్కడే ఉంటుంది, షుగరు అక్కడే ఉంటుంది, ఈస్ట్ కూడా అక్కడే ఉంటుంది. ఈ జబ్బు గర్భసంచిలోకి పాకదు, క్యాన్సర్‌గా మారదు, పిల్లలు పుట్టకుండా చేయదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తొలగింపుల విషయంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందు వరుసలో ఉన్నాయి. సరిహద్దు దాటి అటు వైద్యానికి వెళ్ళే మనవాళ్ళు కూడా ఆ గాలికి లోనవుతారు. ‘తెల్లబట్ట ఎక్కువైంది, తీయించేస్తే పీడ పోతుంది’ అని ఎవరైనా అంటే, చీటీ తీసుకుని బయటికి వచ్చి మరొకరికి చూపించండి. అయితే తెల్లబట్టలో రక్తపు జీర, కలయిక తర్వాత రక్తం, కుళ్ళు వాసనతో నీళ్లలాంటి స్రావం, పొత్తికడుపు నొప్పితో జ్వరం ఉంటే అది వేరే దారి, ఆలస్యం పనికిరాదు. మీకు నలభై దాటింది కాబట్టి, ఎలాగూ పరీక్షకు వెళుతున్నారు కాబట్టి గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ పరీక్ష కూడా చేయమని అడగండి. ముప్ఫై దాటినవారికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేస్తారు.

ఎక్కడికి వెళ్ళాలంటే, మొదట మీ ఊరి ప్రభుత్వ ఆసుపత్రికే. మందులు అక్కడి నిరామయ కౌంటరులో ఉచితం. కుదరకపోతే రాయగడ జిల్లా ఆసుపత్రిలో స్త్రీల విభాగం, లేదా జననాంగాల ఇన్ఫెక్షన్లు చూసే, సురక్ష క్లినిక్ అని బోర్డు ఉన్న గది. కల్చర్ అవసరమైతే బరంపురం ఎంకేసీజీ, కొరాపుట్ ఎస్‌ఎల్‌ఎన్ వైద్య కళాశాలల్లో మైక్రోబయాలజీ విభాగాలున్నాయి. పర్లాకిమిడి వైపువారు పాతపట్నం దాటి శ్రీకాకుళం వెళతారు, అదీ మంచిదే. మందు మొదలుపెట్టకముందే వెళ్ళండి, లోపలి మందు వాడిన వారంలో స్లైడు సరిగా చెప్పదు. ఒడియా అంతగా రాక డాక్టరు ముందు మాట తడబడుతుందనుకుంటే కొడుకునో మరిదినో వెంటబెట్టుకుని వెళ్ళవద్దు, వాళ్ళ ముందు మీరు సగమే చెబుతారు. ఆశా కార్యకర్తను పిలవండి. మీ వీధిలో రెండు భాషలూ వచ్చిన ఆడమనిషి దొరక్కపోదు. ఒక కాగితం మీద ఎన్నిసార్లు వచ్చింది, ఏయే నెలల్లో, ఏ మందు వాడితే ఎన్నాళ్ళు తగ్గింది, ఆఖరి నెలసరి ఎప్పుడు అన్నవి రాసుకోండి.

పరగడుపు షుగరు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రెండూ చేయించి ఆ అంకెలు, కొత్త మాత్ర పేరు, ట్యూబు మీద ఉన్న పేర్లు ఇక్కడే రాయండి. స్లైడు ఫలితం వచ్చాక మిగతాది చెబుతాను.